విధిగా సంతోషం: యూదుల పండుగ భావన - కృష్ణా, గోదావరి డెల్టా నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

యూదుమతంలో సంతోషం భక్తుని ఇష్టానికి విడిచిపెట్టిన మనోభావం కాదు; పండుగనాడు నెరవేర్చవలసిన విధి. ఆ విధి నెరవేరిందో లేదో తేల్చే గీటురాయి ఇంటి యజమాని హృదయంలో కాక, అతని పంక్తిలో ఎవరెవరికి చోటు దొరికిందన్న దానిలో ఉంటుంది. ఈ భావన తెలుగు బైబిలు అనువాదంలో ఏ మాటల ద్వారా ప్రవేశించిందో, ఎక్కడ రూపు మారిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. కొల్లేటి సీమలోని జాతర, డప్పు సంప్రదాయాలను పోలికగా తీసుకుని, గుంటూరు జిల్లాలోని తెలుగు యూదు సమాజమైన బెనె ఎఫ్రాయింపై వచ్చిన పరిశోధనను ఈ కోణం నుంచి విశ్లేషిస్తుంది.

కీలకపదాలు: యూదుమతం, సిమ్హా, పర్ణశాలల పండుగ, తెలుగు బైబిలు, డప్పు, కొల్లేరు, బెనె ఎఫ్రాయిం.

1. ఉపోద్ఘాతం

ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి చుట్టుపక్కల గ్రామాలలో యూదుల పండుగల పేర్లు అపరిచితాలు కావు. పస్కా, వారాల పండుగ, పర్ణశాలల పండుగ, సునాదసంవత్సరం వంటి మాటలు పాతనిబంధన ద్వారా ఇక్కడి క్రైస్తవసంఘాలలో తరతరాలుగా వినిపిస్తున్నాయి. 19వ శతాబ్దంలో ఏలూరు చర్చి మిషనరీ సొసైటీకీ, కొల్లేటి అంచునున్న ఆకివీడు కెనడియన్ బాప్టిస్టు మిషనుకూ కేంద్రాలయ్యాయి. డెల్టా గ్రామాలలో ఆ సంఘాలలో చేరినవారిలో అధికభాగం మాల, మాదిగ కుటుంబాలవారే. ఊరి గుడిలోకి ప్రవేశం లేని ఆ కుటుంబాలు ఇశ్రాయేలీయుల పండుగలను గురించి తమ భాషలో చదువుకున్నాయి, విన్నాయి.

అయితే పండుగ పేరు తెలిసినంతమాత్రాన పండుగ భావన తెలిసినట్లు కాదు. క్రైస్తవ వ్యాఖ్యానం ఈ పండుగలను రాబోయేవాటి ఛాయలుగా చదివింది. యూదులు వాటిని తమ జీవనంలో ఎలా ఆచరించారు, వాటిలో సంతోషానికి ఏ స్థానమిచ్చారు అన్న ప్రశ్నలకు ఆ పఠనంలో అంతగా అవసరం కలగలేదు. 1980ల చివరి నుంచి కృష్ణానదికి ఆవలి ఒడ్డున, గుంటూరు జిల్లా చేబ్రోలు సమీపంలోని కొత్తరెడ్డిపాలెంలో, మాదిగ సమాజానికి చెందిన కొన్ని కుటుంబాలు తాము యూదులమని ప్రకటించుకుని ఆ పండుగలను తమవిగా ఆచరించడం ప్రారంభించాయి. కొల్లేటి సీమకూ, కొత్తరెడ్డిపాలెానికీ మధ్య నది ఉన్నా, రెండుచోట్లా సామాజికచిత్రం ఒక్కటే: కాలువల కింద వరి, ఊరికి ఎడంగా పల్లె, పల్లెలో చర్చి. అందువల్ల యూదు సంతోషభావన తెలుగువారికి దూరదేశపు విషయంగా మిగలలేదు.

2. సిమ్హా: మనఃస్థితి కాదు, విధి

హీబ్రూభాషలో సంతోషాన్ని తెలిపే పదాలు అనేకం. వాటిలో ధర్మశాస్త్ర పరిభాషగా స్థిరపడినది సిమ్హా. ద్వితీయోపదేశకాండం 16వ అధ్యాయం వారాల పండుగ, పర్ణశాలల పండుగ సందర్భాలలో సంతోషించమని ఆజ్ఞాపిస్తుంది. లేవీయకాండం 23వ అధ్యాయం ఖర్జూరపుమట్టలు మొదలైనవాటిని చేతబట్టి ఏడు దినాలు దేవుని సన్నిధిలో సంతోషించాలని చెబుతుంది. మనసును ఆజ్ఞాపించడం ఎలా సాధ్యం? ఆధునిక పాఠకునికి ముందుగా తట్టే ప్రశ్న ఇది. తల్ముద్ పండితులు దీనికి చెప్పిన సమాధానం చాలా లౌకికమైనది. దేవాలయం ఉన్న కాలంలో బలిమాంసం, అది కూలిన తరువాత ద్రాక్షారసం, స్త్రీలకు కొత్తబట్టలు, పిల్లలకు వేయించిన గింజలు, బాదం వంటి కాయలు: ఇవే పండుగ సంతోషం. అంటే సంతోషాన్ని నేరుగా ఆజ్ఞాపించలేదు. సంతోషానికి కారణమయ్యే వస్తువులను, క్రియలను ఆజ్ఞాపించారు. పైగా ఎవరికి ఏది సంతోషమో వారికి అదే ఇవ్వాలన్నారు. గృహస్థు తన సంతోషానికి మాత్రమే కాక, ఇంట్లోవారి సంతోషానికీ బాధ్యుడు.

ఈ విధికి శాస్త్రకారులు ఎల్లలు కూడా గీశారు. పండుగ ప్రవేశిస్తే వ్యక్తిగత శోకదీక్ష నిలిచిపోతుంది. ఒక సంతోషాన్ని మరొక సంతోషంతో కలపరాదన్న నియమంవల్ల పండుగ మధ్యదినాలలో వివాహాలు చేయరు. అదారు మాసం ప్రవేశిస్తే సంతోషాన్ని హెచ్చించాలి. ఆబు మాసం ప్రవేశిస్తే తగ్గించాలి. దేవాలయవినాశానికి సంతాపం ఆబు తొమ్మిదవనాడు. వివాహవేదికమీద గాజుపాత్రను పగులగొట్టడం, పస్కా రాత్రి ఐగుప్తు తెగుళ్లను స్మరిస్తూ పాత్రలోని ద్రాక్షారసాన్ని చుక్కలుగా తీసివేయడం వంటి ఆచారాలు, పరుల దుఃఖాన్నీ తమ నష్టాన్నీ మరచిన సంతోషం సంపూర్ణం కాదని గుర్తుచేస్తాయి. పర్ణశాలల పండుగను సంప్రదాయం 'మన సంతోషకాలం' అని పిలుస్తుంది. ఆ పండుగలోనే అనేక సమాజాలు ప్రసంగి గ్రంథాన్ని చదువుతాయి. సమస్తమూ వ్యర్థమన్న విచారంతో మొదలయ్యే ఆ గ్రంథాన్ని కోతల సంబరం మధ్య ఉంచడంలో ఒక వివేకం ఉంది: గాదె నిండిననాడే గాదె శాశ్వతం కాదని వినాలి.

18వ శతాబ్దంలో తూర్పు యూరపులో వెలసిన హసీదీ ఉద్యమం సంతోషాన్ని నిత్యజీవితంలోకి విస్తరించింది. బాల్ షెమ్ తోవ్ అనుయాయులు, ముఖ్యంగా బ్రాత్‌స్లావ్ నహ్మాన్ (1772-1810), విషాదాన్ని భక్తికి ప్రధానమైన అడ్డంకిగా గుర్తించారు. నాట్యం, గానం ప్రార్థనలో భాగమయ్యాయి. నహ్మాన్ స్వయంగా తీవ్రమైన నిరాశను ఎదుర్కొన్నవాడు. కాబట్టి ఆయన బోధలో సంతోషం స్వభావసిద్ధమైన ఉల్లాసం కాదు. ప్రతిదినం కృషితో నిలుపుకోవలసిన సాధన.

3. తెలుగు అనువాదంలో సంతోషం

తెలుగు బైబిలు సంతోషం, ఆనందం, ఉత్సాహం, ఉల్లాసం, హర్షం అనే సంస్కృతపదాలను సందర్భాన్నిబట్టి వాడింది. ఈ పదాలలో ప్రతిదానికీ పూర్వవాసన ఉంది. తైత్తిరీయోపనిషత్తులోని ఆనందవల్లి నుంచి 'ఆనందం' బ్రహ్మస్వరూపాన్ని సూచించే తాత్వికపదం. యోగశాస్త్రంలో 'సంతోషం' నియమాలలో ఒకటి. ఉన్నదానితో తృప్తిపడటం దాని అర్థం. రెండూ ప్రధానంగా అంతర్ముఖమైనవి. సిమ్హా మాత్రం విందు, వస్త్రం, పాట, అతిథి లేకుండా నెరవేరదు. అర్థఛాయలో దానికి దగ్గరగా వచ్చే తెలుగుమాటలు 'పండుగ', 'సంబరం'. భారతీయసంప్రదాయంలో ఆనందమంతా ఏకాంతానిదే అనడానికి వీలులేదు. భజన, నగరసంకీర్తన, జాతర సామూహికాలే. కానీ గ్రంథస్థమైన తెలుగులో ఆ పదం మోసుకొచ్చే తాత్వికభారం వల్ల, పాఠకుడు ఆజ్ఞను అనుభూతిగా చదివే అవకాశం ఎక్కువ.

సుక్కోత్ పండుగకు అనువాదకులు ఎంచుకున్న 'పర్ణశాల' మరింత ఆసక్తికరం. సుక్కా అంటే ఆకులు, కొమ్మలతో పైకప్పు వేసిన తాత్కాలిక నివాసం. కప్పుకు వాడేది నేలలో మొలిచి, నేలనుంచి వేరుచేసినదై ఉండాలి. శబ్దార్థం దృష్ట్యా పర్ణశాల సరైన మాటే. అయితే తెలుగు పాఠకుని చెవిలో ఆ మాట రామాయణాన్ని, అరణ్యవాసాన్ని, సీతాపహరణాన్ని మేల్కొలుపుతుంది. భద్రాచలం సమీపంలో గోదావరి ఒడ్డున అదే పేరుతో ఒక క్షేత్రమే ఉంది. తెలుగువారి పర్ణశాల ప్రవాసానికీ వియోగానికీ గుర్తు. యూదుల సుక్కా కూడా నలభై ఏళ్ల అరణ్యసంచారానికి గుర్తే. రెండింటి మధ్య భేదం ఒక్కటే, కానీ అది మౌలికమైనది: ప్రవాసపు గుడిసెను యూదుమతం ఏటా కట్టి, అందులో సంతోషించమంటుంది. ఇల్లున్నవాడు ఇల్లు విడిచి ఏడు దినాలు ఇల్లులేనివానిలా ఉండాలి. తెలుగుపదం పొరపాటున కాక, తెలియకుండానే మూలంలోని లోతును పట్టుకున్న అరుదైన సందర్భమిది.

ఇందుకు విరుద్ధమైన ఉదాహరణ నిర్గమకాండం 15వ అధ్యాయంలో కనిపిస్తుంది. సముద్రం దాటిన తరువాత మిర్యాము, స్త్రీలు చేతబట్టిన వాద్యం హీబ్రూలో తోఫ్. అది చట్రానికి తోలు బిగించి వాయించే చేతివాద్యం. తెలుగు బైబిలు దానిని తంబుర అన్నది. తెలుగునేలమీద తంబుర తంత్రీవాద్యం. శ్రుతికి మీటేది, తాళానికి కొట్టేది కాదు. ఆంగ్లంలోని వాద్యనామపు ధ్వనిసామ్యం బహుశా ఈ మార్పుకు కారణం. తోఫ్ తయారీలో డప్పుకు, వాయించే తీరులో కంజిరకు బంధువు. తంబుర పదంతో విమోచనసంబరంలోని తోలువాద్యం తెలుగు పాఠంనుంచి తప్పుకుంది. ఆ పాఠాన్ని శ్రద్ధగా చదివినవారిలో డప్పు తయారుచేసి వాయించే కుటుంబాలవారు ఎందరో ఉన్నారు. తమ చేతిలోని వాద్యం ప్రవక్త్రి చేతిలోనూ ఉందని చదివే అవకాశం వారికి దక్కలేదు. అనువాదకుల ఉద్దేశం ఏదైనా, ఫలితం ఇదే.

4. పంక్తిలో ఎవరు?

ద్వితీయోపదేశకాండంలోని ఆజ్ఞకు కేంద్రం ఒక జాబితా. సంతోషించవలసినవారిలో కుమారుడు, కుమార్తెలతో పాటు దాసుడు, దాసి, భూమిలేని లేవీయుడు, పరదేశి, తల్లిదండ్రులు లేనివారు, విధవరాలు ఉన్నారు. పంటపండించుకున్న గృహస్థు సంతోషం పంటలేనివారి సంతోషంతో ముడిపడి ఉంది. 12వ శతాబ్దంలో మైమోనిడిస్ తన ధర్మశాస్త్రసంగ్రహంలో దీనిని నిష్కర్షగా వివరించాడు: వాకిలి మూసుకుని భార్యాబిడ్డలతో మాత్రమే తిని, పేదలకూ దుఃఖితులకూ పెట్టనివాని పండుగ ఆజ్ఞాపూర్వకమైన సంతోషం కాదు, కడుపు సంతోషం మాత్రమే. పండుగకు దైవదృష్టిలో విలువ ఉందా లేదా అన్నది ఇక్కడ తలుపు తేల్చుతుంది.

ఈ జాబితాను ఆదర్శంగా మాత్రమే చదివితే విమర్శ అసంపూర్ణం. అందులో దాసుడు పండుగలో కూర్చుంటాడు గాని, పండుగ ముగిశాక దాసుడుగానే మిగులుతాడు. జాబితా అసమానతను రద్దు చేయదు. కొన్నిదినాలు దాని అంచును మెత్తబరుస్తుంది. ఆ అధ్యాయమే వినేవారికి వారూ ఒకప్పుడు ఐగుప్తులో దాసులని జ్ఞాపకం చేస్తుంది. ఆ జ్ఞాపకం యజమాని అంతరాత్మను కదిలించవచ్చు గాని, దాసుని స్థితిని తానుగా మార్చదు. పండుగ సంతోషానికి ఉన్న శక్తి, పరిమితి రెండూ ఇక్కడే తేటపడతాయి.

తెలుగు సాహిత్యంలో ఈ ప్రశ్నను తీవ్రంగా నిలిపిన కావ్యం జాషువ 'గబ్బిలం' (1941). అందులోని అరుంధతీసుతుడు తన మొర కాశీ విశ్వేశ్వరునికి వినిపించడానికి గబ్బిలాన్ని దూతగా పంపుతాడు. గబ్బిలం గుడిలోకి పోగలదు, అతడు పోలేడు. దేవుని సన్నిధిలో సంతోషించడమన్న యూదు పరిభాషను ఈ కావ్యం పక్కన ఉంచినప్పుడు, సన్నిధికి చోటే లేనివానికి సంతోషమన్న ఆజ్ఞ ఎలా వర్తిస్తుందన్న చిక్కు స్పష్టమవుతుంది.

5. కొల్లేటి సీమ: జాతర, నీరు, డప్పు

కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఏర్పడిన కొల్లేరు బుడమేరు, తమ్మిలేరు వంటి ఏరుల నీటిని చేర్చుకుని ఉప్పుటేరు ద్వారా సముద్రానికి పంపుతుంది. ఈ నీటి నడుమ కొల్లేటికోటలో వెలసిన పెద్దింట్లమ్మకు ఫాల్గుణమాసంలో జాతర జరుగుతుంది. ఏలూరులో గంగానమ్మ జాతర ఏడేళ్లకొకసారి జరుగుతుంది. ద్వితీయోపదేశకాండం 31వ అధ్యాయం కూడా ప్రతి ఏడవ సంవత్సరాంతంలో, పర్ణశాలల పండుగనాడు, పురుషులు, స్త్రీలు, పిల్లలు, పరదేశులు అందరినీ సమకూర్చి ధర్మశాస్త్రం చదివి వినిపించాలని చెబుతుంది. ఒకచోట ఊరు దేవతచుట్టూ చేరుతుంది. మరొకచోట గ్రంథంచుట్టూ చేరుతుంది. ఈ సామ్యం చారిత్రక సంబంధానికి ఆధారం కాదు. సామూహిక సంతోషానికి దీర్ఘావధి అవసరమని వ్యవసాయసమాజాలు విడివిడిగా గ్రహించాయనడానికి మాత్రం నిదర్శనం.

నీటి విషయంలో పోలిక కన్న భేదమే ఎక్కువ బోధిస్తుంది. దేవాలయం ఉన్న కాలంలో సుక్కోత్ రాత్రులలో నీళ్లు తోడే ఉత్సవం దీపాలతో, నాట్యాలతో సాగేదని, దానికి మించిన సంతోషం లేదన్నంతగా మిష్నా వర్ణిస్తుంది. ఎండాకాలం ముగిసి వాన కోసం ఎదురుచూసే దేశపు పండుగ అది. అదే ఆశ్వయుజ, కార్తికాలలో కోస్తాంధ్ర తుపానులకు భయపడుతుంది. కొల్లేటి లంకలలో నీరు వరమూ ముంపూ కూడా. ఈ నేలమీద ఆకుల కప్పుకింద కూర్చోవడం వేరే అనుభవం. శాస్త్రం ఇందుకు సడలింపు ఇచ్చింది: వానవల్ల భోజనం పాడయ్యేంతైతే సుక్కా విడిచి ఇంట్లోకి పోవచ్చు, బాధపడుతూ అందులో ఉండటం విధి కాదు. సంతోషానికై ఏర్పడిన ఆచారం క్లేశంగా మారినప్పుడు ఆచారమే తగ్గాలన్నది ఇందులోని సూత్రం.

డెల్టా గ్రామాలలో ఏ జాతరకైనా డప్పు ప్రాణం. తాడేపల్లిగూడెం పరిసరాలలోనైనా కొల్లేటి లంకలలోనైనా డప్పు మోగనిదే అమ్మవారి ఊరేగింపు కదలదు. ఆ డప్పును తయారుచేసినవారు, వాయించినవారు సంప్రదాయంగా మాదిగలు. ఊరి సంతోషానికి ధ్వనినిచ్చినవారే ఊరి పంక్తికి వెలుపల నిలబడ్డారు. ద్వితీయోపదేశకాండంలోని దాసుడు కనీసం పండుగ విందులో కూర్చున్నాడు. డప్పు వాయించేవాడు పండుగను నడిపించాడు గాని అందులో పాలివాడు కాలేదు. 1994లో మాదిగ దండోరా ఉద్యమం డప్పును తన చిహ్నంగా చేపట్టినప్పుడు ఆ వాద్యం ఇతరుల సంబరానికి సేవగా కాక, స్వంత గౌరవానికి ప్రకటనగా మోగింది. వాద్యం అదే, సంతోషానికి కర్త మారాడు.

6. బెనె ఎఫ్రాయిం: వంశప్రశ్న, పండుగప్రశ్న

కొత్తరెడ్డిపాలెం యూదులు తమను యోసేపు కుమారుడైన ఎఫ్రాయిము గోత్రీకులుగా చెప్పుకుంటారు. వారి నాయకులలో ఒకరైన ష్ముయేల్ యాకోబీ తమ వంశచరిత్రను ఒక ఆంగ్లగ్రంథంగా రచించారు. వీరిపై వచ్చిన ప్రధానపరిశోధన యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ రాసిన 'ది జ్యూస్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్' (2013). క్షేత్రపరిశోధనపై ఆధారపడిన ఈ గ్రంథం వీరి యూదుత్వాన్ని కేవలం వలసపోవాలన్న కోరికగానో, లాభాపేక్షగానో తేల్చివేయలేదు. కులానికి ఎదురునిలిచే దళితచైతన్యంలో భాగంగా గౌరవంతో చదివింది. అది దాని విశిష్టత.

గ్రంథం ఉపశీర్షికే సూచించినట్లు, అందులోని వివేచనకు ఇరుసు సంఘర్షణ: కులం, మతం, వంశం, గుర్తింపు. వీరు 'నిజమైన' యూదులా అన్న ప్రశ్న ఎవరు అడుగుతున్నారు, ఎందుకు అడుగుతున్నారు అన్నది రచయితల పరిశీలన. ఆచారాలను కూడా చర్చించినా, వాటిని ప్రధానంగా అస్తిత్వనిర్మాణానికి సాధనాలుగా చూడటం ఇటువంటి అధ్యయనాల రీతి. పండుగ పండుగగా ఏమి చేస్తుందన్నది ఆ చట్రంలో రెండవస్థానానికి జారుతుంది. సంతోషం విధి అన్న సూత్రం నుంచి చూస్తే మరొక పఠనానికి అవకాశం ఉంది. తరతరాలుగా ఇతరుల పండుగకు డప్పు పట్టిన సమాజం, తాను సంతోషించడమే దైవాజ్ఞ అయిన ఒక పంచాంగాన్ని చేపట్టింది. ఇక్కడ షబ్బాతునాడు పని మానడం కూడా చిన్నవిషయం కాదు. కూలిరోజును నిర్ణయించే అధికారం తనది కాని మనిషి ఏడవరోజు తనదని చెప్పడం, విశ్రాంతిని అడగకుండా తీసుకోవడం. సంతోషం ఇందులో పోరాటఫలితంగా తరువాత వచ్చేది కాదు, పోరాటరూపాలలో ఒకటి.

వంశప్రశ్నకు ద్వితీయోపదేశకాండపు జాబితా మరొక వెలుగునిస్తుంది. అందులోని పరదేశిని పంక్తిలో కూర్చోబెట్టడానికి ముందు వంశావళి అడగలేదు. తరువాతి రబ్బీల సంప్రదాయం పరదేశి అనే హీబ్రూపదాన్ని చాలాచోట్ల మతంలో చేరినవాడన్న అర్థానికి పరిమితం చేసింది. దానితో ఎవరు చేరారు, ఎలా చేరారు అన్న విచారణ తప్పనిసరి అయింది. ధర్మశాస్త్రం దృష్ట్యా ఆ విచారణకు దాని కారణాలు దానికున్నాయి. అయినప్పటికీ అంతర్జాతీయ యూదుసమాజం కొత్తరెడ్డిపాలెం ముందు ఉంచే ప్రశ్న ఎప్పుడూ వంశానిదే అయినప్పుడు, పుట్టుకనుబట్టి స్థానం నిర్ణయించే పాత తర్కం కొత్తరూపంలో వారికి ఎదురవుతుంది. కులం నుంచి బయటపడే దారిలో మళ్లీ పుట్టుకనే రుజువు చేసుకోవలసి రావడం వారి పరిస్థితిలోని విషాదం. వారు కూడా తమ హక్కును ప్రాచీనగోత్రంపైనే నిలపడంతో ఆ చిక్కు మరింత బిగుస్తుంది. పండుగ ఈ రెండు తర్కాలకూ వెలుపల ఉన్న మూడవ ఆధారాన్ని చూపుతుంది: ఎవరి సంతానమన్నది కాక, ఎవరితో కలిసి తిన్నారన్నది.

7. ముగింపు

పై పరిశీలనలో తేలిన అంశాలు ఇవి. యూదుమతంలో సంతోషం క్రియారూపమైన విధి. దాని ప్రమాణం అంతరంగం కాదు, పంక్తి. తెలుగు బైబిలు 'పర్ణశాల' పదంతో ఈ భావనకు ఊహించని లోతునిచ్చింది. 'తంబుర' పదంతో దానిలోని తోలువాద్యాన్ని దూరం చేసింది. కొత్త అనువాదాలు, వ్యాఖ్యానాలు తోఫ్ స్వరూపాన్ని వివరించి, డప్పు, కంజిరలతో దాని బంధుత్వాన్ని చూపడం భాషాపరంగానే కాక సామాజికంగానూ అవసరం. బెనె ఎఫ్రాయిం అధ్యయనంలో వంశం, గుర్తింపులతో సమానంగా పండుగను పరిశీలించవలసి ఉంది. సుక్కా ఎక్కడ కట్టారు, విందుకు ఎవరిని పిలిచారు, పొరుగువారు వచ్చారా, ఏ పాట పాడారు, ఏ వాద్యం మోగింది అన్న సామాన్యప్రశ్నలే ఆ పరిశోధనకు తొలిమెట్లు. అదే కొలతతో కొల్లేటి సీమలోని జాతరను, సంక్రాంతిని, క్రిస్మస్‌ను కూడా చూడవచ్చు. మైమోనిడిస్ యూదుగృహస్థుని వాకిలికి పెట్టిన పరీక్ష ఆ వాకిలికి మాత్రమే చెందినది కాదు. డప్పు పిలిచి పంక్తి నిరాకరించే ప్రతి ఊరి పండుగకూ అది వర్తిస్తుంది.